ఒంటరిగా వాలెన్సియా ప్రయాణం: సామాను సర్దడానికి, విమానాశ్రయంలో మాట్లాడటానికి స్పానిష్ నేర్పండి

ఒంగోలు_పంతులమ్మ | ఆగస్టు 3, ఉదయం 7:10

అందరికీ నమస్కారం. నేను ముప్పై ఏళ్ళు తెలుగు పండితురాలిగా పనిచేసి రిటైర్ అయ్యాను. మా అమ్మాయి, అల్లుడు స్పెయిన్‌లో వాలెన్సియాలో ఉంటున్నారు. అమ్మాయికి ఇప్పుడు ఏడో నెల. సెప్టెంబరు 9న శంషాబాద్‌లో ఎక్కి, దోహాలో మారి, మాడ్రిడ్‌లో మళ్ళీ మారి వాలెన్సియా చేరాలి. మొదటిసారి విమానం ఎక్కుతున్నాను, అదీ ఒక్కదాన్నే.

ఇంగ్లిష్ చదువుతాను, కానీ ఎదుటివాళ్ళు గబగబా మాట్లాడితే అందదు. స్పానిష్ నేర్చుకుందామని అల్లుడు ఫోన్‌లో ఒక యాప్ వేయించాడు. పది రోజులయింది. పిల్లి పాలు తాగుతోంది, అబ్బాయి ఆపిల్ తింటున్నాడు, ఇవే వస్తున్నాయి. నాకు కావలసింది పెట్టె, బరువు, గేటు, పాస్‌పోర్టు. ఇంకా నెల పైన వ్యవధి ఉంది. రోజుకు గంటసేపు కూర్చోగలను. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

---

మాడ్రిడ్_మకాం | ఆగస్టు 3, మధ్యాహ్నం 2:45

టీచర్ గారూ, ముందుగా శుభాకాంక్షలు. నేను ఎనిమిదేళ్ళుగా మాడ్రిడ్‌లో ఉంటున్నాను. మా అమ్మ కూడా ఇలాగే ఒక్కతే వచ్చింది కాబట్టి మీ టెన్షన్ నాకు తెలుసు.

పెట్టె సర్దడం దగ్గరే మొదలుపెట్టండి. పెట్టెను 'మలేతా' అంటారు. పెట్టె సర్దడం 'అసేర్ లా మలేతా'. అసేర్ అంటే చేయడం, అంటే వాళ్ళ భాషలో పెట్టెను 'చేస్తారు'. ఊరు చేరాక విప్పి సర్దుకోవడం 'దెసాసేర్ లా మలేతా'. మొత్తం సామాను 'ఎకిపాహె', చేతి సామాను 'ఎకిపాహె దె మానో'. మానో అంటే చెయ్యి. చక్రాలు 'ర్వేదాస్', తాళంకప్ప 'కందాదో', పెట్టె పిడి 'ఆసా', జిప్పు 'క్రెమయేరా'. ఈ చివరి నాలుగూ ఎందుకంటే, పెట్టె కనిపించకపోతే అది ఎలా ఉంటుందో చెప్పాల్సింది వీటితోనే.

కౌంటర్ దగ్గర పెట్టె అప్పగించడాన్ని స్పెయిన్‌లో 'ఫక్తురార్' అంటారు. బిల్లుకు 'ఫక్తూరా' అనే మాట ఉంది కదా అని ఇక్కడ బిల్లు అడుగుతున్నారనుకోవద్దు. 'కియేరో ఫక్తురార్ దోస్ మలేతాస్' అంటే రెండు పెట్టెలు అప్పగించాలి అని. బోర్డింగ్ పాసు 'తర్హేతా దె ఎంబార్కె'. గేటు 'ప్వెర్తా'. విమాన ప్రయాణం 'బ్వేలో'. స్పానిష్‌లో వి, బి రెండిటికీ ఒకటే శబ్దం, 'బ' దగ్గరిది. అందుకే మీరు దిగే ఊరు వాళ్ళ నోట 'బలెన్సియా'.

ఇంకొకటి. 'సలీదా' అన్న బోర్డు రెండు పనులు చేస్తుంది. బయటికి దారి అదే, బయల్దేరే విమానాల విభాగమూ అదే (అక్కడ 'సలీదాస్' అని బహువచనంలో ఉంటుంది). వచ్చే విమానాలది 'యెగాదాస్'. ఇంగ్లిష్ అలవాటుతో 'ఎక్సితో' కోసం వెతక్కండి, ఆ మాటకు విజయం అని అర్థం.

---

కోనసీమ_కొబ్బరి | ఆగస్టు 3, సాయంత్రం 6:20

అమ్మా, నా సలహా వేరు. నెల రోజుల్లో భాష రాదు. నలభై వాక్యాలు కాగితం మీద తెలుగులో రాసుకుని బట్టీ పట్టండి. లాటిన్ అమెరికాలో నాలుగు దేశాలు అలాగే తిరిగాను. వ్యాకరణం జోలికి వెళితే మాట బయటికి రాదు, క్రియ ఏ పురుషలో ఉండాలా అని ఆలోచిస్తూ కౌంటర్ దగ్గర నిలబడిపోతాం. నా అనుభవంతో చెబుతున్నాను.

---

తార్నాక_హిస్పానిక్ | ఆగస్టు 3, రాత్రి 10:05

పంతులమ్మ గారూ, నేను హైదరాబాద్ ఇఫ్లూలో (ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం) స్పానిష్ చదువుకున్నాను, ఇప్పుడు ఇంటి దగ్గర పాఠాలు చెబుతున్నాను. కోనసీమ గారు చెప్పిన నలభై వాక్యాలు తప్పకుండా రాసుకోండి. కానీ వ్యాకరణం వదిలేయమంటే మాత్రం ఒప్పుకోను, అందులోనూ తెలుగు పండితురాలికి! నేను ఎన్నాళ్ళుగానో చెబుతున్న మాట ఒకటుంది: మనం స్పానిష్‌ను ఇంగ్లిష్ మీదుగా నేర్చుకుని లేని కష్టం తెచ్చుకుంటున్నాం. తెలుగులోంచి నేరుగా వెళితే చాలా చోట్ల దారి దగ్గర.

ముందు శబ్దం చూడండి. స్పానిష్ 'త' మన 'త'యే, 'ద' మన 'ద'యే. ఇంగ్లిష్ వాళ్ళకు నాలుక ట, డ వైపు పోతుంది. మీరు మాత్రం 'మలేటా' అనకండి, 'మలేతా' అనండి. క, ప కూడా ఒత్తు లేనివే. రెండు 'ర'లు కలిపి రాస్తే మన బండి 'ఱ'ను గట్టిగా దొర్లించినట్టు పలకాలి. మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి, మన అజంత భాషలాగే.

తర్వాత కర్త. 'రేపు వెళ్తాను' అంటాం, 'నేను' అక్కర్లేదు, క్రియ చివర్లోనే మనిషి ఉన్నాడు. స్పానిష్‌లోనూ అంతే. 'బోయ్' అంటే వెళ్తాను, 'బామోస్' అంటే వెళ్తాం. 'యో' అంటే నేను. దాన్ని ప్రతి వాక్యానికీ తగిలించే అలవాటు ఇంగ్లిష్ నుంచి వచ్చిందే.

ఇప్పుడు మీకు బాగా పనికొచ్చేది. పెట్టె ఒకటి తక్కువైందనుకోండి. తెలుగులో 'నాకు ఒక పెట్టె తగ్గింది' అంటాం. స్పానిష్‌లో 'మె ఫాల్తా ఊనా మలేతా'. మె అంటే నాకు. తల నొప్పిగా ఉంటే 'మె ద్వేలె లా కబేసా', నాకు తల నొప్పి. కాఫీ నచ్చితే 'మె గుస్తా ఎల్ కఫే', నాకు కాఫీ నచ్చుతుంది. ఈ 'నాకు' వాక్యాలు అర్థం కావడానికి ఇంగ్లిష్ మీదుగా వచ్చే విద్యార్థులకు నెల పడుతుంది. తెలుగులో ఆలోచించేవాళ్ళకు ఒక్క పూట చాలు.

ఇంకో జత చూడండి. 'పెట్టె పోయింది', 'పెట్టె పోగొట్టాను'. మొదటి దానిలో తప్పు మనది కాదు, రెండో దానిలో మనదే. వాళ్ళూ ఇలాగే విడదీస్తారు. 'సె మె ఆ పెర్దీదో లా మలేతా' అంటే పెట్టె పోయింది, దాని వల్ల ఇబ్బంది నాకు. 'ఎ పెర్దీదో లా మలేతా' అంటే నేనే పోగొట్టాను. కింద పడిపోయింది, పడేశాను, పగిలిపోయింది, పగలగొట్టాను, అన్నిటికీ ఇదే పద్ధతి. అకర్మకం, సకర్మకం అని ముప్పై ఏళ్ళు పిల్లలకు చెప్పినవారికి ఇంతకంటే వివరించక్కర్లేదు.

---

ఒంగోలు_పంతులమ్మ | ఆగస్టు 4, ఉదయం 6:30

తార్నాక గారూ, రాత్రి ఇది చదివి మళ్ళీ లేచి నోటుపుస్తకం తీశాను. 'మె ఫాల్తా' ఇరవైసార్లు రాశాను. విభక్తులన్నీ ఇలాగే కుదురుతాయా? నాకు షష్ఠి 'కి, కు' కనిపించింది, ద్వితీయ ఎక్కడుంది?

---

తార్నాక_హిస్పానిక్ | ఆగస్టు 4, మధ్యాహ్నం 1:15

అడగవలసిన ప్రశ్నే అడిగారు. 'పెట్టె చూశాను' అంటాం, 'ని' లేకపోయినా వాక్యం నిలబడుతుంది. 'అమ్మాయి చూశాను' అనలేం, 'అమ్మాయిని చూశాను' అనాలి. మనిషి కర్మ అయితే ద్వితీయ తప్పనిసరి. స్పానిష్‌లో సరిగ్గా ఇదే నియమం. 'బేఓ లా మలేతా', పెట్టె చూస్తున్నాను. 'బేఓ ఆ మి ఈహా', మా అమ్మాయిని చూస్తున్నాను. మధ్యలో వచ్చిన ఆ చిన్న 'ఆ' మన 'ని' చేసే పనే చేస్తుంది. ఇంగ్లిష్‌లో ఇలాంటిది లేదు, అందుకే ఆ దారిన వచ్చినవాళ్ళు దీన్ని ఏళ్ళ తరబడి మర్చిపోతుంటారు.

మాడ్రిడ్‌లో పాస్‌పోర్టు దగ్గర ఎందుకొచ్చారని అడిగితే మీరు చెప్పాల్సిన వాక్యంలోనే ఇది ఉంది: 'బెంగో ఆ బిసితార్ ఆ మి ఈహా.' మా అమ్మాయిని చూడటానికి వచ్చాను. 'ఎస్తా ఎంబరసాదా' అని కలపండి, ఆమె గర్భవతి అని. ఆ మాట ఇంగ్లిష్‌లో సిగ్గుపడటానికి వాడే మాటలా వినిపిస్తుంది. మోసపోకండి.

'మీదుగా' అన్నదానికి 'పోర్', 'కి' అని గమ్యం చెప్పడానికి 'పారా'. దోహా మీదుగా వాలెన్సియాకి: పోర్ దోహా, పారా బలెన్సియా. ఈ రెండు మాటల మీద పుస్తకాల్లో పేజీలకు పేజీలు ఉంటాయి. మీ ప్రయాణానికి ఈ మాత్రం చాలు.

---

కోనసీమ_కొబ్బరి | ఆగస్టు 4, రాత్రి 8:40

ద్వితీయ సంగతి నాకు తెలియదు, బాగుంది. అయినా తెలుగు అన్ని చోట్లా కాపాడదు కదా తార్నాక గారూ. ఎవరైనా పిలిస్తే మనం 'వస్తున్నా' అంటాం. స్పానిష్ వాళ్ళు 'యా బోయ్', అంటే వెళ్తున్నా అంటారు. నేను తెలుగు లెక్కన 'బెంగో' అని హోటల్ రిసెప్షన్‌లో అయోమయం చేశాను. విశేషణం మనకు ముందు, వాళ్ళకు వెనక: ఎర్ర పెట్టె అనబోతే 'మలేతా రోహా' అనాలి, పెట్టె ఎర్రది అన్నట్టు. అన్నిటికంటే కష్టం పేర్ల ముందు పెట్టే 'ఎల్', 'లా'. మనకు ప్రాణం లేనిదంతా 'అది'. వాళ్ళకు పెట్టె ఆడ, పాస్‌పోర్టు మగ. దీనికి తెలుగులో ఏముంది?

---

తార్నాక_హిస్పానిక్ | ఆగస్టు 4, రాత్రి 9:50

ఏమీ లేదు, మీరు చెప్పిన మూడూ నిజమే. మన మహద్వాచకం (మగవాళ్ళను చెప్పే మాట), అమహద్వాచకం (మిగతావి) ఇక్కడ సాయం చేయవు. కితాబ్ ఆడదా మగదా అని ఉర్దూలో నలిగిన హైదరాబాద్ పిల్లలకు కొంత అలవాటు ఉంటుంది, మిగతావాళ్ళు మాటతో పాటే 'ఎల్', 'లా' కలిపి ఒకే మాటగా నేర్చుకోవాలి. 'మలేతా' అని రాయకండి, 'లామలేతా' అని రాయండి.

ప్రయాణం వరకు ఒక తీగ దొరుకుతుంది. '-ఆహె'తో ముగిసేవి పుంలింగం: ఎల్ ఎకిపాహె (సామాను), ఎల్ బియాహె (ప్రయాణం), ఎల్ పసాహె (టికెట్టు, దక్షిణ అమెరికాలో). మొండికేసేవి రెండు గుర్తుంచుకోండి. 'మానో' ఓకారంతో ముగిసినా స్త్రీలింగమే, 'లా మానో'. 'ఆగ్వా' అంటే నీళ్ళు, స్త్రీలింగమే అయినా నోటికి సులువుగా ఉండాలని 'ఎల్ ఆగ్వా' అంటారు. చన్నీళ్ళు మాత్రం 'ఎల్ ఆగ్వా ఫ్రీఆ', విశేషణం స్త్రీలింగంలోనే. మీ పెట్టె 'ఆసా' కూడా ఈ కోవదే.

తప్పు పలికితే కంగారు పడకండి. 'ఎల్ మలేతా' అన్నా పెట్టె పెట్టెగానే అర్థమవుతుంది.

---

సిద్దిపేట_టు_గ్వాదలహారా | ఆగస్టు 5, ఉదయం 8:00

మెక్సికో వైపు వచ్చేవాళ్ళు కూడా ఈ చర్చ చదువుతారు కాబట్టి నాలుగు మాటలు చెప్తా. ఇక్కడ పెట్టె అప్పగించడం 'ఫక్తురార్' కాదు, 'దొకుమెంతార్'. బోర్డింగ్ పాసు 'పాసె దె అబోర్దార్'. టికెట్టు స్పెయిన్‌లో 'బియేతె', ఇక్కడ 'బొలేతో'. ఆలస్యం స్పెయిన్‌లో 'రెత్రాసో', ఈ ఖండంలో 'దెమోరా' కూడా బాగా వినిపిస్తది. చలికోటు ఇక్కడ 'చమార్రా', అర్జెంటీనాలో 'కంపేరా'. అక్కడ పెట్టె కూడా 'బలీహా' అయిపోతది. 'కమియోన్' స్పెయిన్‌లో లారీ, మెక్సికోలో సిటీ బస్సు. మొదటివారం ఆఫీసులో నన్ను కమియోన్‌లో రమ్మంటే లారీ ఎందుకు ఎక్కాలని అడిగిన.

ముఖ్యమైన హెచ్చరిక. విమానం, బస్సు పట్టుకోవడానికి స్పెయిన్‌లో 'కొహేర్' అంటారు. మెక్సికోలో, అర్జెంటీనాలో అది పెద్దల ముందు అనకూడని బూతు మాట. 'తొమార్' అనండి, అన్ని దేశాల్లో చెల్లుతది.

---

ఒంగోలు_పంతులమ్మ | ఆగస్టు 9, సాయంత్రం 5:25

ఈ నాలుగు రోజులు బీరువా తెరిచి కనిపించిన ప్రతి వస్తువుకూ పేరు చూసుకుంటూ కూర్చున్నాను. ఒక సంగతి గమనించాను. తువ్వాలు 'తోఆయా', సబ్బు 'హబోన్', అల్మారా 'అర్మారియో', బాల్చీ 'బాల్దె', కమీజు 'కమీసా', వంటింట్లో నారింజ 'నరాంహా'. ఇవి కాకతాళీయమా?

---

తార్నాక_హిస్పానిక్ | ఆగస్టు 9, రాత్రి 9:30

కాదండీ. తువ్వాలు, అల్మారా, బాల్చీ పోర్చుగీసు వాళ్ళ ఓడల్లో మన తీరానికి వచ్చిన మాటలు. పోర్చుగీసు, స్పానిష్ లాటిన్ కడుపున పుట్టిన అక్కచెల్లెళ్ళు. నారింజ దారి తిరుగుది: సంస్కృత నారంగం పర్షియన్‌లోకి, అక్కణ్ణుంచి అరబీలోకి, అరబ్బుల వెంట స్పెయిన్‌లోకి. శర్కర కూడా అదే బాటలో వెళ్ళి అక్కడ 'అసూకార్' అయింది, ఇక్కడ చక్కెర అయింది. చింతపండును వాళ్ళు 'తమరిందో' అంటారు, అరబీలో 'హిందూ దేశపు ఖర్జూరం' అని ఆ పేరుకు అర్థం.

విమానాశ్రయంలో మీకు ఎదురయ్యే మాట కూడా ఒకటుంది. కస్టమ్స్‌ను 'అద్వానా' అంటారు. అది అరబీ దీవాన్ నుంచి వచ్చింది. మన జమీందారుల దివాణం కూడా ఆ దీవానే. ఆ బోర్డు కనిపించినప్పుడు దివాణం ముందు నిలబడ్డాననుకోండి, ఇక మర్చిపోరు.

---

ఒంగోలు_పంతులమ్మ | ఆగస్టు 10, ఉదయం 7:00

దివాణం అంటే గుర్తొచ్చింది, నా అసలు బెంగ అక్కడే. అమ్మాయికి ఆవకాయ, గోంగూర పచ్చడి, రెండు కిలోల నెయ్యి, పచ్చి కరివేపాకు, బాలింత కోసం శొంఠి పొడి, సున్నుండలు తీసుకెళ్ళాలని ఉంది. దివాణంలో ఏమని చెప్పాలి?

---

మాడ్రిడ్_మకాం | ఆగస్టు 10, మధ్యాహ్నం 3:10

అమ్మా, నెయ్యి ఇక్కడికి తేకండి. యూరోపియన్ యూనియన్ బయటి దేశాల నుంచి ప్రయాణికులు మాంసం, పాలు, వాటితో చేసినవి తేవడం నిషేధం. నెయ్యి పాల పదార్థమే. చూస్తే పారేస్తారు. సున్నుండల్లో నెయ్యి ఉంటుంది కాబట్టి నేనైతే పెట్టను. మినప్పిండి తెచ్చి ఇక్కడి వెన్న కాచి చేసి పెట్టండి, అమ్మాయి ముందే వేడిగా తింటుంది. వెన్న 'మంతెకీయా', ఉప్పు లేనిది కావాలంటే 'సిన్ సాల్'.

పచ్చి కరివేపాకు కూడా వద్దు. 2019 డిసెంబరు నుంచి తాజా ఆకులు, కూరగాయలు, పండ్లు తేవాలంటే మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి. అది అక్కర్లేనివి ఐదే: అనాస, కొబ్బరికాయ, దురియన్, అరటి, ఖర్జూరం. మామిడిపండు ఆ ఐదులో లేదు.

ఆవకాయలో పాలూ లేవు, మాంసమూ లేదు. పెట్టె తెరిపిస్తే ఇలా చెప్పండి: 'ఎస్ ఉన్ ఎన్కుర్తీదో దె మాంగో. నో యేబా కార్నె ని లేచె.' మామిడికాయ ఊరగాయ, ఇందులో మాంసం గానీ పాలు గానీ లేవు. 'యేబా' అన్న క్రియ గమనించండి. 'యెబార్' అంటే తీసుకెళ్ళడం, ఒంటి మీద వేసుకోవడం, లోపల ఉండటం, అన్నీ. ఆవాలు 'మొస్తాసా', నువ్వుల నూనె 'అసేయితె దె సేసమో', శొంఠి 'హెంహీబ్రె సేకో', అంటే ఎండు అల్లం. ప్రతి పొట్లం మీద పేరు రాసి అతికించండి. పచ్చడి చేతి సంచిలో మాత్రం పెట్టకండి, నూనె ఉన్నది ద్రవం కింద లెక్క, 100 మిల్లీలీటర్లు దాటితే సెక్యూరిటీలో ఆపుతారు.

---

కడప_అత్తమ్మ | ఆగస్టు 10, రాత్రి 7:45

నెయ్యి గురించి చెప్పి మంచి పని చేశారు నాయనా, నేనూ డిసెంబరులో కొడుకు దగ్గరికి పోతున్నా. మేం శాకాహారులం. విమానంలో ఏమని అడగాల? బీపీ మాత్రలు ఉంటాయి, వాటికేం చెప్పాల?

---

మాడ్రిడ్_మకాం | ఆగస్టు 10, రాత్రి 11:20

అత్తమ్మా, 'సోయ్ బెహెతరియానా' అంటే శాకాహారిని. దానితో ఆగకండి. స్పెయిన్‌లో 'కార్నె' అంటే చాలామందికి గొడ్డు, పంది మాంసమే మనసులోకి వస్తుంది, కార్నె లేదంటూ చేప ఉన్న సలాడ్ తెచ్చిపెడతారు. అందుకని విడివిడిగా చెప్పండి: 'నో కోమో కార్నె, ని పోయో, ని పెస్కాదో, ని హమోన్.' మాంసం, కోడి, చేప, పంది తొడ మాంసం తినను. గుడ్డు కూడా వద్దంటే 'ని వేబో' కలపండి. విమానంలో భోజనం టికెట్టు కొన్నప్పుడే చెప్పించుకోవాలి.

మాత్రలు చేతి సంచిలోనే, వాటి డబ్బాల్లోనే, డాక్టరు చీటీతో పాటు. చీటీ 'రెసేతా'. వంట చేసే విధానాన్నీ రెసేతా అనే అంటారు. 'సోన్ మిస్ మెదిసీనాస్', ఇవి నా మందులు.

---

తార్నాక_హిస్పానిక్ | ఆగస్టు 12, ఉదయం 9:00

ఇప్పటివరకు మనం మాట్లాడేవే చెప్పుకున్నాం. మీకు వినిపించేవి కూడా కావాలి. సెక్యూరిటీలో అన్నీ ఆజ్ఞలు, అవి 'మీరు'లో ఉంటాయి. నువ్వు, మీరు మనకున్నట్టే వాళ్ళకు తూ, ఉస్తెద్. మీరు ఎవరితోనైనా ఉస్తెద్ వాడండి, మర్యాద తప్పదు.

'కీతెసె ఎల్ సింతురోన్', బెల్టు తీయండి. 'కీతెసె లోస్ సపాతోస్', బూట్లు తీయండి. 'సాకె లోస్ లీకిదోస్', ద్రవాలు బయట పెట్టండి. 'పోంగాలో ఎన్ లా బందేహా', దాన్ని ట్రేలో పెట్టండి. విమానంలో 'అబ్రోచెన్సె లోస్ సింతురోనెస్', అందరూ బెల్టులు పెట్టుకోండి.

స్పీకర్లలో 'ఊల్తిమా యమాదా' వినిపిస్తే లేచి నడవండి, అది చివరి పిలుపు. 'రెత్రసాదో' ఆలస్యం, 'కన్సెలాదో' రద్దు. 'ఎల్ బ్వేలో ఎస్తా రెత్రసాదో' అంటారు, 'ఎస్' అనరు. ఇప్పటి స్థితి అయితే 'ఎస్తా', స్వభావం అయితే 'ఎస్'. గేటు ఎక్కడుందో అడగడం కూడా 'దోందె ఎస్తా లా ప్వెర్తా'.

కోనసీమ గారి బట్టీ పద్ధతిలో నాకు భయం కలిగించేది ఇక్కడే. ప్రశ్న బట్టీ పట్టి అడగొచ్చు, జవాబు మన బట్టీలో ఉండదు. అంకెలు, ఎడమ 'ఇస్కియెర్దా', కుడి 'దెరేచా', తిన్నగా 'రెక్తో', పైన 'అరీబా', కింద 'అబాహో', ఇవి చెవికి అలవాటయ్యేదాకా ఎవరిచేతనైనా చదివించుకుని వినండి. ముఖ్యంగా సెసెంతా అరవై, సెతెంతా డెబ్భై. వినడానికి రెండూ ఒకేలా ఉంటాయి, గేట్లు తారుమారవుతాయి.

---

కోనసీమ_కొబ్బరి | ఆగస్టు 12, మధ్యాహ్నం 12:30

జవాబు విషయంలో మీరన్నది ఒప్పుకుంటున్నాను. లీమాలో నేను దారి అడిగి, చెప్పింది అర్థంకాక తల ఊపి ఎదురుదిక్కున నడిచాను. పంతులమ్మ గారూ, నా నలభై వాక్యాల్లో ఒకటి మాత్రం ముందు నేర్చుకోండి: 'మాస్ దెస్పాసియో, పోర్ ఫబోర్.' కాస్త నెమ్మదిగా, దయచేసి. తర్వాత 'మె లో ఎస్క్రీబె?', నాకు రాసిస్తారా?

---

ఒంగోలు_పంతులమ్మ | సెప్టెంబరు 7, రాత్రి 9:40

ఎల్లుండి ప్రయాణం. ఈ నెలంతా మీ అందరితో కూర్చున్నట్టే ఉంది. గోడ గడియారానికీ పెట్టెకీ తలుపుకీ చీటీలు అతికించాను. పక్కింటి ఇంటర్ పాప రోజూ వచ్చి అంకెలు చదివి పెట్టింది.

ఇవాళ పెట్టె మూత పడలేదు. అప్పుడు వచ్చిన మాట 'నో కాబె', పట్టదు. పట్టడం అన్న మాటకు ఇంత సరిగ్గా సరిపోయే క్రియ వాళ్ళకుందని తెలిసి ఎంత సంతోషించానో. 'నో మె కాబె తోదో', నాకు అన్నీ పట్టట్లేదు. 'నేను పడతాను' అనడానికి మాత్రం 'కేపో' అట, ధాతువే గుర్తుపట్టలేనంతగా మారిపోయింది. చివరికి ఒక దుప్పటి తీసేశాక 23 కిలోలకు దిగింది. నెయ్యి డబ్బా ఇంట్లోనే ఉంచాను, దాన్ని చూస్తే మనసు చివుక్కుమంటోంది.

---

మాడ్రిడ్_మకాం | సెప్టెంబరు 7, రాత్రి 11:55

మాడ్రిడ్‌లో మీ విమానం టీ4ఎస్‌లో దిగితే, పాస్‌పోర్టు తనిఖీ చేయించుకుని, భూమి కింద నడిచే డ్రైవర్ లేని రైలెక్కి టీ4కి రావాలి. గంట ముందే వెళ్ళాలన్న తొందర వద్దు, కానీ మధ్యలో కూర్చోకండి. ఎన్నాళ్ళుంటారంటే 'దోస్ మేసెస్', రెండు నెలలు. తిరుగు టికెట్టు, అమ్మాయి పంపిన ఆహ్వాన పత్రం చేతి సంచిలో పైనే పెట్టుకోండి.

---

ఒంగోలు_పంతులమ్మ | సెప్టెంబరు 11, ఉదయం 10:20 (వాలెన్సియా నుంచి)

క్షేమంగా చేరాను.

మాడ్రిడ్‌లో పాస్‌పోర్టు దగ్గర కుర్రాడు మొదట ఇంగ్లిష్‌లో అడిగాడు, నాకు అందలేదు. 'బెంగో ఆ బిసితార్ ఆ మి ఈహా' అన్నాను. ఆ 'ఆ'ను ఒత్తి పలికాను, ద్వితీయ పోకూడదని. 'ఎస్తా ఎంబరసాదా' అనగానే అతను నవ్వి, ఎన్నో నెల అన్నట్టు ఏదో అడిగాడు. 'మాస్ దెస్పాసియో' అన్నాను. వేళ్ళు చూపించి మళ్ళీ అడిగాడు. 'ఓచో' అన్నాను, ఎనిమిది. ముద్ర వేసి 'ఎనోరబ్వేనా' అన్నాడు. అభినందనలట, అమ్మాయి తర్వాత చెప్పింది.

వాలెన్సియాలో దిగాక 'సింతా' దగ్గర, అదే సామాను తిరిగే పట్టీ దగ్గర, నలభై నిమిషాలు నిలబడ్డాను. పచ్చళ్ళున్న పెట్టె వచ్చింది. చీరలు, శొంఠి పొడి ఉన్నది రాలేదు. పట్టీ ఆగిపోయింది, అందరూ వెళ్ళిపోయారు. కాళ్ళలో వణుకు వచ్చింది. కౌంటర్ దగ్గరికి వెళ్ళి 'మె ఫాల్తా ఊనా మలేతా' అన్నాను. ఆ అమ్మాయి ఒక్కసారికే అర్థం చేసుకుంది. ఎలా ఉంటుందంది. 'గ్రాందె, అసూల్, కోన్ ర్వేదాస్, కోన్ ఊనా సింతా రోహా ఎన్ ఎల్ ఆసా.' పెద్దది, నీలం, చక్రాలున్నది, పిడికి ఎర్ర రిబ్బను. రిబ్బను కూడా సింతాయే కదా. విశేషణాలు వెనకే పెట్టాను కోనసీమ బాబూ. ఒక ఫారం నింపి నకలు ఇచ్చింది. బయట అమ్మాయి ఎదురుచూస్తోంది, దాన్ని చూశాక పెట్టె సంగతే మర్చిపోయాను.

---

మాడ్రిడ్_మకాం | సెప్టెంబరు 11, మధ్యాహ్నం 1:00

చాలా సంతోషం అమ్మా. ఆ నకలు, బోర్డింగ్ పాసుకు అతికించిన సామాను చీటీ పారేయకండి. ఈలోగా కొన్న అవసరమైన బట్టలకు రసీదులు దాచండి. మాంట్రియల్ ఒప్పందం ప్రకారం పెట్టె దెబ్బతిని వస్తే 7 రోజుల్లో, ఆలస్యానికి అయితే పెట్టె చేతికందిన రోజు నుంచి 21 రోజుల్లో రాతపూర్వకంగా అడగాలి. ఫోన్ చేస్తే 'మి మలేతా నో ఆ యెగాదో' అనండి, నా పెట్టె ఇంకా రాలేదు.

---

సిద్దిపేట_టు_గ్వాదలహారా | సెప్టెంబరు 11, రాత్రి 8:15

ఇది చదివి మా అమ్మకు ఫోన్ చేసిన. వచ్చే ఏడాది తీసుకొస్తా అని చెప్పిన. చిన్న మాట: విమానంలో నా పెట్టె రాలేదు అనాలంటే ఇక్కడ 'మి మలేతా నో యెగో' అంటారు. స్పెయిన్‌లో ఇవాళ జరిగినదానికి 'ఆ' కలిపే భూతకాలం, మా వైపు ఎక్కువగా ఒక్క మాట భూతకాలం.

---

ఒంగోలు_పంతులమ్మ | సెప్టెంబరు 13, సాయంత్రం 6:05

పెట్టె వచ్చింది. ఉదయం ఫోన్ మోగితే అమ్మాయి స్నానానికి వెళ్ళింది, నేనే ఎత్తాను. 'ఆ యెగాదో సు మలేతా' అన్నది తప్ప మిగతాది అందలేదు. ఆ ఒక్కటీ చాలింది. 'సు' అంటే మీ, మర్యాదతో. చక్రం ఒకటి విరిగింది, ఫోటో తీసి ఈ పూటే రాసి పంపించాం. శొంఠి పొట్లం భద్రంగా ఉంది.

తార్నాక గారూ, వచ్చే వారం అమ్మాయితో ఆసుపత్రికి వెళ్ళాలి. నొప్పులు, నెలలు, రక్తపరీక్ష, పాలు పట్టడం, ఈ మాటలకు కొత్త చర్చ మొదలుపెడుతున్నాను. 'మె ద్వేలె' నాకు వచ్చు. అమ్మాయికి నొప్పిగా ఉంది అనాలంటే ముందు ఏం మారుతుంది?

---

తార్నాక_హిస్పానిక్ | సెప్టెంబరు 13, రాత్రి 7:30

'నాకు' పోయి 'ఆమెకు' వస్తుంది. మె స్థానంలో 'లె'. 'ఆ మి ఈహా లె ద్వేలె.' మా అమ్మాయికి నొప్పిగా ఉంది. మిగతావి కొత్త చర్చలో రాస్తున్నాను.